ప్రార్థన అంశం

ఆమెను అందరూ ప్రార్థనమ్మ అనేవారు. అసలు పేరు ఒకటుండేది గానీ, కుట్టుమిషను కొన్న రోజున రసీదు రాసినవాడు తప్ప దాన్ని ఇంకెవరూ వాడినట్టు లేదు.

వృత్తికి ఆమె దర్జీ. వీధి మలుపులో ఇరుకైన దుకాణం. కొత్త బట్టలు కుట్టడం తక్కువ, పాతవాటిని సరిచేయడం ఎక్కువ. పొడుగైన ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, పోయిన జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ల బట్టలు వదులు చేయడం. లావెక్కామని ఒప్పుకోనివాళ్లు వస్తే, "ఈ మధ్య గుడ్డలు ఉతికితే కుంచించుకుపోతున్నాయండీ, ఏం నాణ్యతో ఏమో" అని వాళ్లకంటే ముందు తనే అనేసేది. ఆ మాత్రం లౌక్యం ఆమెకుంది.

కానీ ఆమెకు పేరు తెచ్చింది చెయ్యి కాదు, గొంతు. బుధవారం మధ్యాహ్నాలు చర్చి వెనక గదిలో స్త్రీల కూటం జరిగేది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునేవారు. పాటలావిడ పాట ఎత్తుకునేది. ఒకరు బైబిలు వాక్యం చదివేవారు. తర్వాత ప్రార్థన అంశాలు, అంటే ఎవరి కోసం ఏమడగాలో చెప్పుకోవడం. చివరికి ముగింపు ప్రార్థన, అది ప్రార్థనమ్మది. అలాగని ఎవరూ తీర్మానం చేయలేదు, అలా జరిగిపోయింది అంతే. ఆమె లేచి నిలబడి కళ్లు మూసుకుంటే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న ముసలమ్మలు కూడా నిటారుగా కూర్చునేవారు. మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో గొంతు వణికించి, చివర్లో ఆకాశాన్ని అందుకునేది. ఇంటికెళ్లేటప్పుడు ఒళ్లు తేలికైనట్టు ఉంటుందని అందరూ చెప్పుకునేవారు. ఆమె మాత్రం తల వంచి, "నాదేముందండీ, అంతా ఆయన కృప" అనేది. ఆ తల వంచడం కూడా చక్కగా కుదిరేది.

ఇక్కడ ప్రార్థన అంశం గురించి కొంచెం చెప్పాలి. అది చాలా పవిత్రమైనది, చాలా జారుడుది కూడా. ఫలానావాళ్ల అబ్బాయి పరీక్ష తప్పాడని ఊరికే అంటే అది చాడీ. "ఆ బిడ్డ కోసం ప్రార్థిద్దాం అక్కా, పాపం మళ్లీ తప్పాడు" అంటే అది భారం. చాడీలు చెప్పేవాళ్లంటే దేవుడికి గిట్టదని, భారం ఉన్నవాళ్లంటే ఆయనకు మహా ఇష్టమని ఆ గదిలో అందరి నమ్మకం. పైకి ఎవరూ అనలేదు గానీ, కుర్చీలు దగ్గరికి జరుపుకునే తీరులో తెలిసిపోయేది.

అలాంటి గదిలోకి టీచరమ్మ వచ్చింది. ఉద్యోగం మానేశాక కూతురి దగ్గర ఉండటానికి ఈ ఊరు చేరిన మనిషి. బక్కగా, మెడలో కళ్లజోడు వేలాడేసుకుని, ఎవరికీ అడ్డం రాకుండా తలుపు పక్కన కూర్చునేది. ఒక బుధవారం ఆవిడను ప్రార్థించమంటే కళ్లజోడు తాడు వేలికి చుట్టుకుంది. తర్వాత, "తండ్రీ, నాకు చేతకావడం లేదు. నువ్వే చూడు" అని ఆగిపోయింది. అంతే. కళ్ల వెంట నీళ్లు కారాయి. గదిలో సగంమంది ముక్కులు తుడుచుకున్నారు.

ఆ రోజు కూటం అయ్యాక అందరూ తలుపు వైపు వెళ్లారు. టీచరమ్మ చుట్టూ మూగారు. ప్రార్థనమ్మ ఒక్కతే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"రెండు మాటలు కూడగట్టుకోలేదు, దానికి అంత సంబరం దేనికో" అని దుకాణానికి వచ్చాక మిషనుతో అంది. మిషను ఏమీ అనలేదు. తర్వాత కొన్ని బుధవారాలు కూడా అలాగే గడిచాయి. ప్రార్థనమ్మ గొంతు ఇంకాస్త ఎత్తుకు వెళ్లింది, వణుకు ఇంకాస్త పెరిగింది. కానీ గది ఇదివరకులా ఆమె చేతిలో లేదు. ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. మంచి దర్జీకి గుడ్డ పట్టు తప్పితే వేళ్లకే తెలిసిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరదలు వచ్చి తన రహస్యం చెప్పింది.

ప్రార్థనమ్మకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. వ్యాన్ నడుపుతాడు. ముదిరాక పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లాం పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయా. పనికి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలి సాయంత్రం తీసుకెళ్తారే, అలాంటి చోటు. మనిషి తక్కువ మాట్లాడేది, ఎక్కువ పని చేసేది. ఏడుపు మానని పిల్లను ఆమె భుజాన వేసుకుంటే మానేసేదట. కేంద్రంలో వేసుకునే ఆప్రాన్ మీద, రొమ్ము జేబు పైన, ఆమె పేరును ప్రార్థనమ్మే నీలం దారంతో కుట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం మరదలు దుకాణంలోకి వచ్చి, దారపు ఉండల్ని రంగుల వారీగా సర్దడం మొదలుపెట్టింది. అవి సర్దే ఉన్నాయి.

"ఏంటే, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది ప్రార్థనమ్మ.

"వదినా, నీకో సంగతి చెప్పాలి. ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు." మరదలు చేతిలోని ఉండను కింద పెట్టలేదు. "పెళ్లికి ముందు నేను తాగేదాన్ని. అలా ఇలా కాదు. ఆస్పత్రిలో ఉంచి మాన్పించారు. మానేసి ఏడాది దాటింది. కానీ ఈ మధ్య పని నుంచి వచ్చే దారిలో ఆ మందు దుకాణం ముందు కాళ్లు ఆగిపోతున్నాయి. భయమేస్తోంది. నీ ప్రార్థన దేవుడు వింటాడంటారు కదా. నా కోసం చెయ్యి. ఎవరితోనూ అనకు వదినా, ఆ పిల్లలు లేకపోతే నేను నిలబడలేను."

ప్రార్థనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పిచ్చిదానా, నా కడుపులో పెట్టుకుంటాను. పైకి రాదు" అంది. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది. ఇంటికెళ్లి మంచం పక్కన మోకాళ్లూని మరదలి కోసం నిజంగానే ఏడ్చింది కూడా. ఆమెలో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ప్రేమ ఉండీ చేసింది, అదే కదా బాధ.

ఆ తర్వాతి బుధవారం టీచరమ్మ మళ్లీ నాలుగు మాటలే మాట్లాడింది, గది మళ్లీ కరిగిపోయింది. ఆ తర్వాత ప్రార్థనమ్మ వంతు. లేచింది. మొదలుపెట్టింది. ఎవరో తాళంచెవులు గలగలలాడించారు. ఎవరో దగ్గారు. పాటలావిడ తన సంచిలో ఏదో వెతుక్కుంటోంది. ఆ చప్పుడు చెవిన పడింది. అప్పుడు వచ్చింది ఆ వాక్యం.

"ప్రభువా, మా గడప లోపలే ఒక కూతురు తాగుడు అనే బంధకంలో ఉన్నది ప్రభువా..."

సంచిలో చప్పుడు ఆగిపోయింది. తాళంచెవులు ఆగిపోయాయి. ఊపిరి పీల్చడం కూడా వినపడనంత నిశ్శబ్దం. ప్రార్థనమ్మకు ఆ నిశ్శబ్దం వినిపించింది. ఆగవచ్చు. దేశం కోసమో, పాలకుల కోసమో, జబ్బుపడినవాళ్ల కోసమో మళ్లించవచ్చు. ఆగలేదు.

"పసిబిడ్డల్ని ఎత్తుకునే ఆ చేతులు సీసాను ఎత్తకుండా కాపాడు తండ్రీ!"

గది అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. అందరూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. "ఎంత భారం మోస్తున్నారండీ, పైకి తెలియనివ్వరు" అంది పాటలావిడ. ప్రార్థనమ్మ కళ్లు తుడుచుకుని తల వంచింది. ఇంటికి నడిచి వెళ్తుంటే ఒళ్లు తేలికగా ఉంది. పేరు చెప్పలేదు కదా అనుకుంది. నిజమే, చెప్పలేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, వాడికున్నది ఒక్క పెళ్లాం, ఆ పెళ్లాం ఎత్తుకునేది ఊళ్లోవాళ్ల పిల్లల్ని. ఇక పేరెందుకు?

వారం తిరగకముందే ఒక పొద్దున, పనిలో ఉండవలసిన వేళ, మరదలు దుకాణానికి వచ్చింది. ఆప్రాన్ మడతపెట్టి చేతిలో పట్టుకుంది. 

"తీసేశారు వదినా." కూర్చోమన్నా కూర్చోలేదు. "పిల్లల తల్లులు కొందరు వచ్చి అడిగారట. తాగే మనిషి చేతిలో మా పిల్లల్ని ఎలా పెడతామని. కేంద్రం నడిపే మేడమ్ నన్ను పిలిచి, నిజమేనా అంది. అబద్ధం చెప్పలేకపోయాను. ఇప్పుడు తాగట్లేదు మేడమ్ అన్నాను. ఆవిడ మంచిదే. ఏడ్చింది కూడా. ఏడుస్తూనే తీసేసింది."

ప్రార్థనమ్మ చేతిలో ఉన్న సుద్దముక్కతో బల్ల మీద ఊరికే గీత గీసింది.

"ఇద్దరికే తెలుసు," అంది మరదలు. "ఆయనకి, నీకు. నువ్వు చెప్పవు. ఇంకెవరు? ఆయనే. రాత్రి అడిగాను. ఒట్టేశాడు. ఒట్టేసి మరీ అబద్ధమాడుతున్నాడు వదినా, దానికే నాకు కడుపు మండిపోయింది. నా మొహం చూడొద్దు పొమ్మన్నాను."

ఇదీ చెప్పాల్సిన క్షణం. ఇంతకంటే మంచి క్షణం ఇక రాదని ఆమెకూ తెలుసు. నోరు తెరిచింది. "వాడు... వాడు అలాంటివాడు కాదే" అంది. అక్కడికే ఆగిపోయింది.

"నువ్వు ఆయన్ని పెంచావు, నీకలాగే ఉంటుంది." మరదలు ఆప్రాన్ను మిషను మీద పెట్టింది. "ఇది తిరిగి ఇచ్చెయ్యమన్నారు. కొత్తగా వచ్చేవాళ్లకి కావాలట. మీద పేరు విప్పెయ్యమన్నారు. నువ్వే కుట్టావు కదా, పాడవకుండా నువ్వే విప్పగలవు." తర్వాత అప్పటిదాకా ఆపుకున్నది ఆగక, మిషను ముందు మోకాళ్లమీద కూలబడి, తల ప్రార్థనమ్మ ఒడిలో పెట్టింది. "ప్రార్థన చెయ్యి వదినా. నువ్వు చేస్తే వింటాడు."

గొంతు పెగలదేమో అనుకుంది ప్రార్థనమ్మ. మాటలు రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. వచ్చాయి. నూనె పోసిన మిషనులా, తడబాటు లేకుండా వచ్చాయి. తండ్రీ, విరిగిన హృదయాన్ని చూడు, నిందమోపిన నోళ్లను మూయించు అని కూడా వచ్చింది. సరిగ్గా వణకాల్సిన చోట గొంతు వణికింది. తన గొంతు తానే వింటూ, ఇంత బాగా చేస్తున్నానేంటి అని ఆమె హడలిపోయింది.

మరదలు వెళ్లాక ఆప్రాన్ ముందేసుకుంది. కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసుకుని, నీలం దారాన్ని ఒక్కొక్క కుట్టూ కోసి లాగింది. ఊడిపోకూడదని తనే రెండు వరసలు కుట్టింది. ఒక్కో అక్షరం విప్పుతుంటే ఆ అమ్మాయిని తనే చేత్తో పట్టుకుని ఆ గుమ్మం లోంచి బయటికి తోస్తున్నట్టు ఉంది. అంతా అయ్యాక చూస్తే, దారం పోయింది గానీ గుడ్డ మీద సూది కన్నాలు అలాగే ఉన్నాయి. ఎవరికైనా చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి. తడిపి, ఇస్త్రీ చేసి, గోటితో రుద్దింది. పోలేదు.

సాయంత్రం తమ్ముడు సంచి పుచ్చుకుని ఇంటికి వచ్చాడు. "రెండ్రోజులు నీ దగ్గర ఉంటానక్కా. ఇంట్లో నా మొహం చూడనంటోంది." కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కదలలేదు.

"నేనెవరితోనూ అనలేదక్కా. అనలేదనే అనుకుంటున్నాను. వ్యాన్లో ఎవరితోనైనా నోరు జారానేమోనని తల బద్దలు కొట్టుకుంటున్నా. ఆ మధ్య జ్వరమొచ్చి పడుకున్నాను కదా, అప్పుడేమైనా కలవరించానంటావా? పక్కింటాయన మందులివ్వడానికి వచ్చాడు ఆ రోజు..."

చేయని తప్పు కోసం వాడు తన జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. చేసిన మనిషి ఎదురుగా నిలబడి గరిటె పట్టుకుంది.

"నువ్వు చెబితే నమ్ముతుందక్కా. నువ్వంటే దానికి దేవుడి తర్వాత దేవుడు."

"చెప్తాలే. ముందు తిను" అంది ప్రార్థనమ్మ. తను ఇంత పిరికిదాన్నని ఆమెకు అప్పటిదాకా తెలియదు. పాపాత్మురాలినని వెయ్యిసార్లు అందరి ముందూ చెప్పింది. బుధవారం బుధవారం చెప్పింది. అయితే ఆ పాపం ఎప్పుడూ ఫలానా అని ఉండేది కాదు, అందరికీ సరిపోయే కొలతలో ఉండేది. ఇది మాత్రం సరిగ్గా ఆమెకే కుదిరింది.

మంచం పక్కన మోకాళ్లూనింది. క్షమించమని అడగబోతే నోటికి కూటంలో వాడే మాటలే వచ్చాయి. అవి వినగానే సిగ్గేసింది. ఈ మాటలతోనే కదా అమ్మేశాను దాన్ని అనుకుంది. లేచి కూర్చుంది. పక్క గదిలో తమ్ముడు పొర్లుతున్న చప్పుడు వినపడుతోంది. ప్రార్థన లేకుండా ఆమె నిద్రపోయిన రాత్రి అదొక్కటే. నిద్రా పట్టలేదనుకోండి.

మర్నాడు దుకాణం తెరిచేసరికి టీచరమ్మ మెట్టు మీద నిలబడి ఉంది. ప్రార్థనమ్మకు ముందు చిరాకేసింది. ఈవిడ కూడా ఇప్పుడే రావాలా అనుకుంది.

"వందనాలండీ. కుట్టుపని కాదు," అంది టీచరమ్మ. లోపలికి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ తీసేసింది. "నా మనవడు ఆ కేంద్రంలోనే ఉంటాడు. మీకు తెలుసో లేదో. మొన్న మీరు ప్రార్థన చేశాక ఇంటికెళ్లి నేనే మా అమ్మాయికి చెప్పాను. పిల్లాడి క్షేమం కోసం చెప్పాననుకున్నాను. కాదండీ. ఆ రోజు అన్నం దగ్గర చెప్పడానికి నా దగ్గర ఒక సంగతి ఉంది, అంతే. మా అమ్మాయి నా మాట వినడం మానేసి చాలా రోజులైంది. ఆ రోజు మాత్రం చెంచా పక్కన పెట్టి విన్నది. నాకు బాగుండింది. మా అమ్మాయి మిగతా తల్లులతో అంది, దాని వల్ల ఒక పిల్ల ఉద్యోగం పోయింది."

 ఆ బుధవారం గదిలో తాళంచెవులు ఆగిపోయిన నిశ్శబ్దం ప్రార్థనమ్మ చెవుల్లో మోగుతోంది. అచ్చంగా తన సంగతే ఈవిడ నోటి నుంచి వస్తోంది.

"నేను వెళ్లి ఆ అమ్మాయికి చెబుదామని," అంది టీచరమ్మ. "నేనే తల్లుల చెవిన వేశానని చెప్తాను. మీ పేరు తీసుకురాను. నాకెలా తెలిసిందని అడిగితే, నా పాపం నాది, ఆ ఒక్కటి అడగొద్దమ్మా అంటాను. ఆమె ఇల్లెక్కడో కొంచెం చెబుతారా?"

తలుపు తెరుచుకుంది. చాలా సులువైన తలుపు. ఇల్లు ఎక్కడో చెబితే చాలు, మిగతాదంతా ఈ బక్కమనిషి మోసుకుపోతుంది. తమ్ముడి మీద నింద పోతుంది. మరదలికి ఒక ముసలావిడ మీద కోపం మిగులుతుంది, అదీ కొన్నాళ్లే. ప్రార్థనమ్మ ప్రార్థనమ్మగానే ఉంటుంది. ఇది దేవుడే పంపిన దారేమో అని కూడా ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనలో దేవుడి పేరు విన్నాక ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"మీరు ఆగండి," అంది.  "నేను వెళ్తాను. నేను చెప్పాక మీరు చెబుదురుగాని. ముందు చెప్పాల్సింది నేను."

టీచరమ్మ దుకాణం ముందు కుర్చీలో కూర్చుని, "ఎవరైనా వస్తే చూస్తుంటాను. నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు, రేపు రమ్మంటాను" అంది.

ప్రార్థనమ్మ సంచి లేకుండా, శాలువా సరిగా కప్పుకోకుండా బయల్దేరింది. దారిలో ఏం చెప్పాలో కూర్చుకోబోయింది. తెలియక జరిగిపోయింది అని మొదలుపెడదామనుకుంది. తెలియక కాదు. నీ మీద ప్రేమ కొద్దీ అనుకుంది. అదీ కాదు. చర్చి వెనక వీధిలో, రొట్టెల దుకాణం పైన ఉంది తమ్ముడి ఇల్లు. మెట్లెక్కేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

తలుపు తోస్తే తెరుచుకుంది. మరదలు బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద సీసా. మూత సీలు తెగలేదు. పక్కన గ్లాసు కూడా లేదు.

"చూశావా వదినా," అంది మరదలు, లేవకుండా. "కాళ్లు ఈసారి ఆగలేదు, లోపలికి వెళ్లాయి. తెచ్చి పొద్దుట్నుంచి చూస్తూ కూర్చున్నా. నువ్వు సమయానికి వచ్చావు. ప్రార్థన చెయ్యి."

"చెయ్యను," అంది ప్రార్థనమ్మ. గుమ్మంలోనే నిలబడిపోయింది. "వాడు చెప్పలేదే. నేను చెప్పాను."

మరదలు సీసా మీది నుంచి తలెత్తింది.

"బుధవారం కూటంలో. పైకి ప్రార్థనలో అనేశాను. అందరూ విన్నారు. తెలిసే అన్నాను. టీచరమ్మ ప్రార్థనకి అందరూ ఏడుస్తున్నారని, నాది ఎవరూ వినట్లేదని... వినాలని అన్నాను. మధ్యలో ఆగొచ్చు. ఆగలేదు. నిన్న నువ్వు నా ఒళ్లో తల పెట్టినప్పుడు కూడా చెప్పొచ్చు. చెప్పలేదు."

 మరదలు నవ్వింది. వినడానికి బాగోలేని నవ్వు.

"ప్రార్థనలోనా? దేవుడికి నా సంగతి నువ్వు చెప్పాలా వదినా? నేనే రోజూ చెప్పుకుంటున్నాను కదా ఆయనకి! ఆయనకి తెలియక అడిగాననుకున్నావా నిన్ను?" లేచింది.  "నీ తమ్ముణ్ని ఏమేం అన్నానో తెలుసా? వాళ్ల అమ్మని కూడా తిట్టాను. మీ అమ్మని. ఏమీ తెలియని మనిషి ఒట్లు వేస్తుంటే నీ బతుకే అబద్ధం అన్నాను. నా ఉద్యోగం పోయిందని కాదు. మనసులో పెట్టుకుంటావని నమ్మి వచ్చాను నీ దగ్గరికి. ఊళ్లో ఇంకెవరూ లేనట్టు నీ దగ్గరికి వచ్చాను!"

ప్రార్థనమ్మ తల వంచలేదు. ఆ అలవాటైన వంచడం ఇప్పుడు చేస్తే అది కూడా నటనే అవుతుందని భయమేసింది. తిన్నగా చూస్తూ నిలబడి, అన్నీ విన్నది. "కేంద్రానికి వెళ్లి మేడమ్‌తో మాట్లాడతాను" అని మాత్రం గొణిగింది.

"ఏమని? నేను తాగలేదని చెప్తావా? తాగాను. ఇంకేం చెప్తావు?" మరదలు మళ్లీ కుర్చీలో కూలబడింది. "క్షమించాను అనమంటావేమో. నాకు రావట్లేదు వదినా. ఇప్పుడు రాదు."

"అనొద్దు," అంది ప్రార్థనమ్మ. "వాడికి ఫోన్ చేస్తాను, ముందు అది చెయ్యనీ."

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. చెప్పింది. దాచకుండా, మెరుగులు పెట్టకుండా చెప్పింది.  అవతల, "నేను కాదన్నమాట" అని ఒక్క మాట అని, తమ్ముడు ఏడ్చాడు. అక్క మీద కోపం తర్వాత వస్తుంది, వచ్చింది కూడా. ముందు మాత్రం వాడికి కలిగింది ఊరట. ఆ ఊరటే ఆమెను అన్నిటికంటే గట్టిగా కొట్టింది. "వస్తున్నాను, దాన్ని ఒంటరిగా వదలకు" అని పెట్టేశాడు.

వెళ్లిపోవాలా, ఉండాలా తెలియక ప్రార్థనమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. మరదలు సీసాను చూస్తూనే ఉంది.

"కూర్చో," అంది చివరికి. "నీ మీద ప్రేమ పొంగి కాదు. ఆయన వచ్చేదాకా నాకు గడవాలి. ఎవరో ఒకరుండాలి. కూర్చో. నోరు మాత్రం తెరవకు."

కూర్చుంది. బల్లకు అటూ ఇటూ ఇద్దరు, మధ్యలో సీసా. ప్రార్థనమ్మ జీవితంలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. మూసుకున్నాక లోపల చూస్తే చెప్పడానికి ఏమీ లేదు, చూపించడానికి ఏమీ లేదు. దేవుడి ముందు మంచి బట్టలు లేకుండా నిలబడినట్టుంది. ఆయన ఇప్పుడు నన్ను చూస్తే ఏం కనిపిస్తుందో అనుకుంది. ఇన్నేళ్లూ కూడా ఆయనకు కనిపించింది ఇదే కదా అని తోచి, ఆమెకు ఏడుపొచ్చింది. ఈ ఏడుపులో గొంతు వణకలేదు. ముక్కు కారింది, తుడుచుకోవడానికి గుడ్డ లేక చేత్తో తుడుచుకుంది.

మరదలు అది చూసింది. కాసేపు చూసి, కళ్లు మూసుకుంది. ఎవరూ చేయమనలేదు. పైకి ప్రార్థించడం ఆమెకు అలవాటు కూడా లేదు, ఆమె అలా చేయగా ప్రార్థనమ్మ ఎప్పుడూ వినలేదు.

"దేవుడా," అంది. తడుముకుంది. "మేమిద్దరం ఎలా ఉన్నామో చూస్తున్నావు కదా. మా ఇద్దరి మీదా జాలిపడు."

ఇద్దరి మీదా అంది. తాగుబోతు అనిపించుకున్న మనిషి, తనను అమ్మేసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ కలిపి ఒకటే అడిగింది. ఏ కూటంలోనూ ప్రార్థనమ్మ కోసం ఎవరూ ప్రార్థించలేదు. ఆమెకు అవసరమని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. ఆ ప్రార్థనకు ముగింపు ఉందేమోనని చూసింది. లేదు, అంతే.

"ఆమెన్," అంది ప్రార్థనమ్మ.

తమ్ముడు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినగానే ఆమె లేచింది. వాళ్లిద్దరి మధ్యా తను ఉండకూడదు.

"అది పట్టుకెళ్లిపో," అంది మరదలు సీసా చూపించి. "ఇక్కడ పారబొయ్యకు, వాసన పట్టేస్తుంది. నాకు వాసన చాలు."

సీసా తీసుకుంది. మెట్ల మీద తమ్ముడు ఆమెను దాటి వెళ్లాడు. మొహం చూడలేదు, కానీ సీసాను చూసి, సీలు చూసి, ఒక్క క్షణం ఆమె భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, సంచి లేదని. శాలువా కింద పెట్టబోయింది. సీసా మెడ బయటికి పొడుచుకొచ్చింది. మళ్లీ పైకెళ్లి సంచి అడగడానికి మొహం చెల్లలేదు. అలాగే చేత్తో పట్టుకుని నడిచింది. పట్టపగలు, చర్చి వెనక వీధిలో, ప్రార్థనమ్మ మందు సీసా పట్టుకుని నడుస్తోంది. రొట్టెల దుకాణంవాడు చూశాడు. ఎదురుగా పాటలావిడ వచ్చింది.

పాటలావిడ ఆగింది. సీసాను చూసింది. తలెత్తి పైన కిటికీని చూసింది. గొంతు తగ్గించి, దగ్గరికి జరిగింది.

"అయ్యో పాపం. మళ్లీ మొదలెట్టిందాండీ?"

ఆ కళ్లలో ఉన్నది ప్రార్థనమ్మకు బాగా తెలిసినదే. భారం. మొన్నటిదాకా తన కళ్లలో ఉన్నదే.

"ఎవరండీ?"

"అదే, మీ మరదలు. ఆ సీసా..."

"ఆమెది కాదండీ," అంది ప్రార్థనమ్మ. "నాది."

అబద్ధమాడానా అని ఒక్క క్షణం ఆలోచించుకుంది. ఆ బల్ల మీదికి అది ఎవరి వల్ల వచ్చింది? కాదు, అబద్ధం కాదు.

పాటలావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. సాయంత్రానికి ఇది ఎన్ని ఇళ్లు తిరుగుతుందో, ఎన్ని చెంచాలు కంచాల పక్కన ఆగిపోతాయో ప్రార్థనమ్మకు తెలుసు. ఆ దారులన్నీ ఆమె వేసినవే. అయినా పరిగెత్తాలనిపించలేదు.

"బుధవారం నా కోసం ప్రార్థన చెయ్యండి," అంది. "చాలా అవసరంగా ఉంది. పేరు చెప్పే చెయ్యండి."